అమ్మాయి తెర వెనక, అబ్బాయి ట్రాక్ మీద: మనం ఎక్కడ ఉండాలి?

నార్త్ కరోలినా నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు వెయ్యొద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి సారాంశం చెబుతాను.

ఆవిడా, భర్తా ఇద్దరూ ఉద్యోగస్తులు. అమ్మాయి పదకొండో తరగతి. స్కూల్లో మార్చి నెలాఖరుకి వేసే స్ప్రింగ్ మ్యూజికల్‌కి (పాటలతో సాగే నాటకానికి) తెరవెనక జట్టు అయిన స్టేజ్ క్రూలో పనిచేస్తోంది. అబ్బాయి తొమ్మిదో తరగతి. ట్రాక్ టీమ్‌లో 800 మీటర్లు, 4×400 రిలే పరిగెత్తుతాడు. తెనాలి నుంచి అత్తగారు, మావగారు వచ్చి ఉన్నారు.

"కిందటేడు అమ్మాయి షోకి పావుగంట ఆలస్యంగా వెళ్ళాను. మొదటి పాట అయ్యేదాకా లాబీలో నిలబెట్టారు. లోపలికి వెళ్ళాక ఫోన్‌లో వీడియో తీస్తుంటే ఒకాయన వచ్చి ఆపమన్నారు. నలుగురూ తిరిగి చూశారు. అమ్మాయి రెండు రోజులు మాట్లాడలేదు. ఈ ఏడు అడిగితే 'నేను స్టేజ్ మీద కనపడను కదమ్మా, రావక్కర్లేదు' అంటోంది. రెండు వారాల కిందట బాబు ట్రాక్ మీట్‌కి (పరుగు పోటీలకి) వెళ్ళాను. పొద్దున ఎనిమిదిన్నర నుంచి ఒంటిగంట దాకా కూర్చున్నాను. ఆఫీస్ కాల్ వస్తే కార్లోకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి వాడి పరుగు అయిపోయింది. వాడేమీ అనలేదు, అదే ఎక్కువ బాధేసింది. మా వారేమో మేలో ఏపీ (కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలు పెట్టుకుని ఈ నాటకాలేమిటి, మానెయ్యమను అంటున్నారు. మావగారు 'చీకట్లో బల్లలు మొయ్యడానికా ఇంత దూరం వచ్చింది' అంటున్నారు. షో శుక్రవారం రాత్రి ఏడింటికి, శనివారం రెండింటికి, ఏడింటికి. అదే శనివారం బాబుకి నలభై నిమిషాల దూరంలో ఇంకో స్కూల్లో ఇన్విటేషనల్ మీట్ (చాలా స్కూళ్ళని పిలిచి పెట్టే పోటీ). ఉగాది గురువారం వచ్చిందని బంధువులకి భోజనాలు కూడా ఆ శనివారం సాయంత్రమే పెట్టుకున్నాం. ఎక్కడికి వెళ్ళను, ఏది మానను? వెళ్ళినా అక్కడి పద్ధతులు నాకు తెలియవు, ఎవరితో ఏం మాట్లాడాలో తెలియదు. అసలు నేను రావడం పిల్లలకి ఇష్టమేనా?"

అమ్మా, ముందు మీ చివరి ప్రశ్న చూద్దాం. అమ్మాయి "రావక్కర్లేదు" అంది, "రావద్దు" అనలేదు. పైగా కారణం కూడా చెప్పింది: తాను కనపడదని. వచ్చినా తన పని మీకు తెలియదని ఆ పిల్ల అనుకుంటోంది. కిందటేడు జరిగినదాని జంకు కూడా ఉండి ఉండొచ్చు. ఈ రెండూ తీర్చగలిగినవే. "రానా, వద్దా" అని మళ్ళీ అడగకండి. "ఈసారి నువ్వు ఏ సీన్లలో ఏ పక్క ఉంటావు? ఏం కదుపుతావు? నేను ఎటు చూడాలి?" అని అడగండి. ఆ ప్రశ్నకి జవాబు చెప్పని క్రూ పిల్లలు అరుదు.

స్టేజ్ క్రూ అంటే ఏమిటో కొంచెం దగ్గరగా చూడండి, ఇంట్లో పెద్దవాళ్ళకి మీరే చెప్పాలి కాబట్టి. రెండు సీన్ల మధ్య దీపాలు ఆరిపోయేది పది పదిహేను సెకన్లు. ఆ చీకట్లో నల్లబట్టలు వేసుకున్న పిల్లలు వచ్చి ఇంటిని బజారుగానో, బజారుని బడిగానో మార్చేసి వెళ్ళిపోవాలి. నేల మీద వేలెడేసి రంగు టేపు ముక్కలు అంటించి ఉంటాయి, ఒక్కో సీనుకి ఒక్కో రంగు. బల్ల కాలు సరిగ్గా ఆ గుర్తు మీద పడాలి. జానెడు పక్కకి పోతే నటుడు వెలుగులో కాకుండా నీడలో నిలబడి పాడాల్సి వస్తుంది. పెద్ద మెట్ల సెట్టుకి కింద చక్రాలు ఉంటాయి, చక్రాలకి బ్రేకులు ఉంటాయి. గుర్తు మీదకి తోసి, బ్రేకు కాలితో నొక్కి, ఒకసారి ఊపి చూసి అప్పుడు వెనక్కి తగ్గాలి. ఆ బ్రేకు మర్చిపోతే పాట మధ్యలో మెట్లెక్కిన పిల్లతో సహా సెట్టు కదులుతుంది. ఇదంతా స్టేజ్ మేనేజర్ హెడ్‌సెట్‌లో "స్టాండ్‌బై" అన్నప్పుడు సిద్ధంగా ఉండి, "గో" అనగానే చెయ్యాలి, ఒక సెకను ముందూ కాదు, వెనకా కాదు. మీ అమ్మాయి చేస్తున్నది ఇదే కావచ్చు. లేదా లైట్ బోర్డు, సౌండ్, ప్రాప్స్, డ్రెస్సుల మార్పు కావచ్చు. ఏదో కనుక్కోండి. తెలిసి వెళితే చీకటి పడ్డప్పుడల్లా మీరు ఆ పక్కకే చూస్తారు. షో అయ్యాక "చాలా బావుంది" అనే బదులు "రెండో అంకంలో ఆ మెట్లు తిప్పింది ఎంతమంది, నువ్వు వెనకా ముందా?" అంటారు. ఆ మాటతో మీరు తనని చూశారని దానికి తెలుస్తుంది.

మావగారి సంగతి నాకు కష్టమనిపించలేదు. ఆయనది తెనాలి. పద్యనాటకం వినకుండా పెరిగి ఉండరు, సురభి వాళ్ళ నాటకం చూసి ఉండే అవకాశమూ ఎక్కువే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ నాటక సమాజానికి పేరు తెచ్చినది నటన ఒక్కటే కాదు. రెప్పపాటులో మారే తెరలు, గాలిలో తేలివచ్చే పాత్రలు, నిప్పులు, నీళ్ళు, ఆ మాయలన్నీ తెరవెనక మనుషుల చేతుల్లోవే. "మీ మనవరాలు ఇక్కడ చేస్తున్నది ఆ పనే, మావయ్యగారూ" అని చెప్పి చూడండి. ఆమె చేత ఆయనకి ఆ సెట్టు ఫోటో ఒకటి చూపించండి. బల్లలు మొయ్యడం అన్నమాట వెనక్కి తీసుకుంటారో లేదో నేను చెప్పలేను గాని, చూడ్డానికి వస్తానంటారని అనుకుంటున్నాను.

ఆయనకి ఒక తేడా మాత్రం ముందే చెప్పాలి. పద్యం బాగుంటే మన దగ్గర మధ్యలోనే ఈలలు, "వన్స్ మోర్"లు పడతాయి. ఇక్కడ పాట పూర్తయ్యాక చప్పట్లు గట్టిగా కొట్టొచ్చు, సీను మధ్యలో మాత్రం కేకలు పెట్టకూడదు. మన పిల్ల పేరు పెట్టి అరవడం అసలు వద్దు. కథ ఇంగ్లిష్‌లో కాబట్టి ముందురోజు పది నిమిషాలు కూర్చోబెట్టి పాత్రలు, కథ తెలుగులో చెప్పండి. విరామం పదిహేను నిమిషాలు కలుపుకుని మొత్తం సుమారు రెండున్నర గంటలు. పెద్దాయన బాత్‌రూమ్‌కి వెళ్ళాలంటే ఆడిటోరియం తలుపు తెరిచినప్పుడూ, విరామం మొదలవగానే మొదటి నిమిషంలోనూ. తర్వాత వరస కడతారు.

కిందటేడు మిమ్మల్ని లాబీలో నిలబెట్టింది అవమానించడానికి కాదు. చీకట్లో తలుపు తెరిస్తే లాబీ వెలుతురు నేరుగా స్టేజ్ మీదకి పడుతుంది. అందుకే పాట అయ్యి చప్పట్లు కొడుతున్నప్పుడే ఆలస్యంగా వచ్చినవాళ్ళని లోపలికి వదులుతారు. ఏడింటి షోకి సాధారణంగా ఆరున్నరకి తలుపులు తీస్తారు. పెద్దవాళ్ళతో వెళుతున్నారు కాబట్టి ఆరుంబావుకి పార్కింగ్‌లో ఉండండి. స్కూల్ ముందు స్థలం నిండితే వెనక మైదానం దగ్గర ఆపి నడవాల్సి వస్తుంది. అత్తగారికి మోకాళ్ళ నొప్పులుంటే ఆవిడని తలుపు దగ్గర దింపి తర్వాత పార్క్ చేసుకోండి.

ఇక వీడియో. మ్యూజికల్ వెయ్యడానికి స్కూలు లైసెన్స్ సంస్థకి డబ్బు కట్టి ఒప్పందం రాసుకుంటుంది. ప్రేక్షకులు వీడియో తియ్యకూడదన్నది మామూలుగా ఆ ఒప్పందంలోనే ఉంటుంది. తీస్తే జవాబు చెప్పుకోవాల్సింది డ్రామా టీచరు. రెండో కారణం మీ అమ్మాయికి నేరుగా తగిలేది. చీకట్లో పనిచేసేవాళ్ళ కళ్ళు ఆ చీకటికి అలవాటు పడి ఉంటాయి. ఒక్క ఫ్లాష్ మెరిసినా, హాల్లో ఫోన్ తెర వెలిగినా కొన్ని సెకన్లు ఏమీ కనపడదు. ఆ సెకన్లలోనే ఆ పిల్ల చేతుల్లో బరువైన సెట్టు ఉంటుంది. ఫోన్ పూర్తిగా ఆపేసి సంచిలో పెట్టండి. తెనాలిలో మీవాళ్ళు చూడాలంటే స్కూల్ విడిగా స్ట్రీమింగ్ లైసెన్స్ తీసుకుందేమో అడగండి, కొన్ని స్కూళ్ళు తీసుకుంటాయి. షో అయ్యాక లాబీలో ఎన్ని ఫోటోలైనా తీసుకోవచ్చు. పువ్వులు అక్కడే ఇవ్వాలి. నటించిన పిల్లల చేతుల్లో గుత్తులుంటాయి, క్రూ పిల్లలకి తెచ్చేవాళ్ళు తక్కువ. చిన్న గుత్తి ఒకటి పట్టుకెళ్ళండి. ఇంకో మాట: షోకి ముందు "గుడ్ లక్" అనకండి, రంగస్థలం మీద దాన్ని అపశకునంగా చూస్తారు. "బ్రేక్ ఎ లెగ్" అంటారు.

టికెట్లు చాలా స్కూళ్ళు తమ సైట్‌లో సీటు నంబరుతో సహా అమ్ముతాయి. ముందు వరసలు తీసుకోకండి. ఆర్కెస్ట్రా అక్కడే ఉంటుంది, పెద్దవాళ్ళకి చప్పుడు భరించడం కష్టం, మాటలూ వినపడవు. మధ్యలో ఎనిమిది నుంచి పన్నెండో వరస దాకా, నడవ పక్క సీట్లు వాళ్ళకి సుఖం. వినికిడి తక్కువైతే హాల్లో అందుకు పరికరాలు ఉన్నాయా అని బాక్స్ ఆఫీస్‌లో అడగండి, మైకులు వాడే హాళ్ళలో చాలావాటికి ఉంటాయి.

మీ వారి భయం ఊరికే పుట్టింది కాదు, దాన్ని కొట్టిపారెయ్యను. షోకి ముందు వారాన్ని టెక్ వీక్ అంటారు. రోజూ బడి అయ్యాక రాత్రి తొమ్మిదో పదో దాకా రిహార్సల్. ఐదు రోజులకి పాతిక గంటలకి తక్కువ పోదు, ఆ వారం చదువు సాగదు. కాని ఏపీ పరీక్షలు మే మొదటి రెండు వారాల్లో. షో మార్చితో అయిపోతుంది. నడుమ ఐదు వారాల పైనే ఉంది.

ఇప్పుడు మానిపిస్తే ఏమవుతుంది? తన క్యూలన్నీ (ఎప్పుడు ఏం కదపాలన్న గుర్తులన్నీ) ఇంకో పిల్లకి పది రోజుల్లో నేర్పాలి. వచ్చే ఏడు పన్నెండో తరగతిలో స్టేజ్ మేనేజర్ అయ్యే దారి దాదాపు మూసుకుపోతుంది. ఇంట్లో దొరికే ఆ పాతిక గంటలూ కోపంతో ఉన్న పిల్ల పుస్తకం ముందు కూర్చునే గంటలు. కొనసాగిస్తే నష్టం లేదని అనను. ఆ వారం ఏదైనా టెస్టు ఉంటే మార్కులు తగ్గొచ్చు. దానికి విరుగుడు: టెక్ వీక్ తేదీలు ఇప్పుడే టీచర్లకి ఈమెయిల్‌లో అమ్మాయి చేతే రాయించి, ఆ వారం అసైన్‌మెంట్లు ముందు ఆదివారమే తీసుకోవడం. ఆ వారానికి బయటి ట్యూషన్ ఆపెయ్యడం. ఏడు గంటల నిద్ర తగ్గనివ్వకపోవడం. ఏప్రిల్‌లో ప్రతి శనివారం పొద్దున ఒక పాత ఏపీ పేపరు టైము పెట్టుకుని రాస్తానని ఒప్పుకోవడం. రెండింటికీ మధ్యదారి కూడా ఒకటుంది: ఈ షో పూర్తి చేసి, ఏప్రిల్, మే నెలల్లో ఇంకేదైనా చిన్న నాటకం ఉంటే దానికి ఒప్పుకోకుండా ఉండటం. ఆయన కాలేజీ గురించి అడిగితే, చాలా కాలేజీలకి ఒకేచోట దరఖాస్తు పెట్టుకునే కామన్ యాప్‌లో పది యాక్టివిటీల దాకా రాయొచ్చని, ఒక్కోదానికి వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అని అడుగుతారని చెప్పండి. మూడేళ్ళు వదలకుండా చేసిన పని అక్కడ తెలిసిపోతుంది. అయితే పిల్లతో మాట్లాడేటప్పుడు ఈ లెక్క తీసుకురాకండి. అది కాలేజీ కోసం చెయ్యడం లేదు.

బాబు మీట్ దగ్గర మీకు జరిగినది చాలామంది తల్లిదండ్రులకి జరుగుతుంది. కారణం తెలిస్తే మళ్ళీ జరగదు. ట్రాక్ మీట్‌లో ఏ పరుగు ఎన్ని గంటలకో మామూలుగా గట్టిగా చెప్పరు. ఒకటయ్యాక ఒకటి జరుపుకుంటూ పోతారు. కాని వరస దాదాపు ఒకటే: 4×800 రిలే, హర్డిల్స్, 100, 4×200, 1600, 4×100, 400, 300 హర్డిల్స్, 800, 200, 3200, చివరికి 4×400. ప్రతిదీ అమ్మాయిలకీ అబ్బాయిలకీ విడివిడిగా. అంటే మీ వాడి రెండు పరుగులూ రోజు చివరి సగంలోనే. పొద్దున ఎనిమిదిన్నరకి వెళ్ళి కూర్చోవాల్సిన పనే లేదు. పెద్ద మీట్‌లో ఒక్క 200కే అటూ ఇటూ కలిపి ఇరవై హీట్లు (పిల్లల్ని గుంపులుగా విడగొట్టి పెట్టే పరుగులు) రావచ్చు. హీటుకి నాలుగు నిమిషాలు వేసుకున్నా గంటా ఇరవై నిమిషాలు. 3200 ఒక్కో హీటు పన్నెండు, పదమూడు నిమిషాలు లాగుతుంది. అందుకే 800కీ 4×400కీ మధ్య అంత ఎడం.

మీట్‌కి ముందు రోజు సాయంత్రానికి హీట్ షీట్, అంటే ఎవరు ఏ హీటులో పరిగెత్తుతారో చెప్పే జాబితా, వెబ్‌లో పెడతారు. అందులో బాబు పేరు వెతికి ఈవెంట్, హీటు, లేను నంబరు మూడూ కాగితం మీద రాసుకోండి. అక్కడికి వెళ్ళాక ఒకటే గుర్తు: ట్రాక్ మీద 300 మీటర్ల హర్డిల్స్ పెట్టడం మొదలైతే మీ ఫోన్ కాల్స్, బాత్‌రూమ్, కాఫీ అన్నీ అయిపోయి ఉండాలి. లైవ్ రిజల్ట్స్ ఉన్న మీట్ అయితే ఏ ఈవెంట్ దాకా వచ్చిందో ఇంటి నుంచే చూసుకుని బయలుదేరొచ్చు. దారి నలభై నిమిషాలు కాబట్టి 4×100 రిలే మొదలవకముందే కార్లో ఉండండి.

ఎక్కడ నిలబడాలో కూడా చెబుతాను. అందరూ ఫినిష్ దగ్గర గుమిగూడతారు. 800 అంటే రెండు చుట్లు. మొదటి చుట్టు గుంపులో సాగిపోతుంది. పిల్లలకి నరకం రెండో చుట్టులో, 500 నుంచి 650 మీటర్ల మధ్య. కాళ్ళు బరువెక్కుతాయి, ముందున్నవాడు జారిపోతుంటాడు, అటుపక్క చూసేవాళ్ళు ఎవరూ ఉండరు. ట్రాక్‌కి అవతలివైపు కంచె బయట నిలబడండి. పేరు పెట్టి ఒక్కసారి గట్టిగా పిలవండి చాలు, సలహాలు వద్దు, అవి కోచ్ ఇస్తారు. కంచె లోపలికి వెళ్ళి పిల్లవాడి పక్కన పరిగెత్తకండి. బయటివాళ్ళు సాయం చేశారని వాణ్ణే డిస్‌క్వాలిఫై చెయ్యొచ్చు. చేతిలో ఫోన్ ఉంటే స్టాప్‌వాచ్ పెట్టి మొదటి చుట్టు ఎంతకి అయిందో పట్టుకోండి. మొదటి చుట్టు 1:08, రెండోది 1:16 అయితే మొత్తం 2:24. ఇంటికొచ్చాక "రెండో చుట్టుకి ఎనిమిది సెకన్లు ఎక్కువ పట్టింది, అక్కడేమైంది?" అని మీరడిగితే వాడు అరగంట మాట్లాడతాడు. వాడి హీటులో ఏడోవాడుగా వచ్చాడని బాధపడకండి. చాలా మీట్లలో అన్ని హీట్ల టైములూ కలిపి స్థానాలు లెక్కకడతారు. తొమ్మిదో తరగతి పిల్లవాడికి అసలు లెక్క పీఆర్, అంటే తన పాత టైము కంటే తగ్గిందా లేదా అన్నదే.

తిండి సంగతి. పరుగుకి మూడు గంటల ముందు ఇడ్లీ, నూనె తక్కువ ఉప్మా బాగానే ఉంటాయి. ఆ తర్వాత అరటిపండు, గుక్కెడు నీళ్ళు, అంతే. పరుగుకి గంట ముందు పులిహోర డబ్బా తెరవకండి. నూనె, పోపు కడుపులో నిలిచిపోయి రెండో చుట్టులో డోకొస్తుంది. పరుగు అవగానే వాడు నేల మీద పడిపోతే కంగారుపడి పరిగెత్తుకెళ్ళకండి. 800 తర్వాత అది మామూలే. ఐదు నిమిషాలు ఆగండి, కోచ్ మాట్లాడతారు, పది నిమిషాలు మెల్లగా జాగింగ్ చేసి వాడే మీ దగ్గరికి వస్తాడు. రిలే ఇంకా ఉంది కాబట్టి అప్పుడూ పూర్తి భోజనం వద్దు. తిరిగి మీ కార్లో తీసుకురావాలంటే కోచ్ దగ్గర సంతకం పెట్టాలి, కొన్ని స్కూళ్ళలో ఆ కాగితం ముందు రోజే ఇవ్వాలి. దానికంటే ముందు వాడినే అడగండి. టీమ్ బస్సులో రావడమే ఇష్టం కావచ్చు.

ఇక ఆ శనివారం. మీకు మూడు దార్లు కనిపిస్తున్నాయి.

శుక్రవారం రాత్రి షోకి ఇంటిల్లిపాదీ వెళ్ళి, శనివారం మధ్యాహ్నం మీట్‌కి వెళ్ళి, భోజనాలు ఆదివారం మధ్యాహ్నానికి జరపడం మొదటిది. ఇందులో ఇద్దరు పిల్లల్నీ ఇద్దరూ చూస్తారు. మూల్యం: మీ వారు శుక్రవారం ఐదున్నరకల్లా ఆఫీస్ నుంచి బయటపడాలి, ఐదు కుటుంబాలకి ఫోన్ చేసి రోజు మార్చాలి. పండగ గురువారమే అయిపోయింది కాబట్టి తిథి అడ్డం రాదు.

శనివారం ఒకరు షోకి, ఒకరు మీట్‌కి విడిపోవడం రెండోది. ఇలా చేస్తే మీరు షోకి, మీ వారు మీట్‌కి అనుకోవడం సహజం. నేను తిరగెయ్యమంటాను. మానెయ్యమన్నది నాన్న కాబట్టి అమ్మాయి ఎదురుచూసేది నాన్న కోసం. కిందటిసారి బాబు పరుగు తప్పిపోయింది మీకు కాబట్టి మీట్‌కి మీరే వెళ్ళాలి.

ఈ శనివారం మీట్ మానుకుని, వారం మధ్యలో సొంత స్కూల్లో జరిగే మీట్‌కి వెళ్ళడం మూడోది. అది సాయంత్రం నాలుగింటికి మొదలై మూడు గంటల్లో అయిపోతుంది, పెద్దవాళ్ళకి కూడా తేలిక. అయితే చాలా ఇన్విటేషనల్ మీట్లలో ఒక్కో ఈవెంట్‌కి స్కూలు నుంచి ఇద్దరు ముగ్గురినే పంపుతారు. తొమ్మిదో తరగతిలోనే వాడికి చోటు దొరకడం చిన్న విషయం కాదు. మీరు వెళ్ళడం మానేటట్టయితే "అది చిన్న విషయం కాదని నాకు తెలుసు" అని వాడికి చెప్పి, ఏ తేదీ మీట్‌కి వస్తారో క్యాలెండర్‌లో రాసి చూపించండి.

నేనైతే మొదటిదాని వైపు మొగ్గుతాను. ఐదు ఫోన్లతో తేలిపోయే చిక్కు అది.

మీట్‌కి అత్తగారినీ మావగారినీ తీసుకెళ్ళేటట్టయితే రెండు గంటలకి మించి వద్దు. గ్యాలరీ అల్యూమినియం బల్లలు, వెనక ఆనుకోవడానికి ఉండదు. మార్చిలో పొద్దున చలి, మధ్యాహ్నం ఎండ. దానికి తోడు మీ రాష్ట్రంలో ఆ రోజుల్లో పైన్ చెట్ల పుప్పొడి పసుపు చల్లినట్టు అన్నిటిమీదా పడుతుంది. మడత కుర్చీలు, శాలువా, టోపీ, తుడవడానికి తడిబట్ట, ఆయాసం ఉంటే మాస్కు. గేటు దగ్గర నగదు తీసుకోకపోవచ్చు. చాలా స్కూళ్ళు గోఫ్యాన్ లాంటి యాప్‌లో టికెట్ కొనమంటాయి, మైదానంలో సిగ్నల్ అందదు కాబట్టి ఇంట్లోనే కొనుక్కోండి.

ఎవరితో ఏం మాట్లాడాలో తెలియదన్నారు. చేతిలో పని ఉంటే మాట అదే వస్తుంది. సొంత స్కూల్లో మీట్ జరిగినప్పుడు లాంగ్ జంప్ ఇసుక చదును చెయ్యడానికి, టేపు పట్టుకోవడానికి, తినుబండారాల కౌంటర్‌లో రెండు గంటలు నిలబడటానికి మనుషులు కావాలి. కోచ్‌కి ఒక ఈమెయిల్ చాలు. టెక్ వీక్‌లో పిల్లలకి రాత్రి భోజనం తల్లిదండ్రులు వంతులవారీగా పెడతారు. ఒక రోజు మీరు తీసుకోండి. కాని ముందు రెండు విషయాలు కనుక్కోవాలి. ఇంట్లో వండినది తేవచ్చా, కొన్నదే తేవాలా? ఎలర్జీలు ఎవరికి? మన వంటల్లో పల్లీలు, జీడిపప్పు, నువ్వులు చెప్పకుండానే పడిపోతాయి. నలభై మందికి నిమ్మకాయ పులిహోర చేస్తే పల్లీలు లేకుండా చేసి, ఏమేం వేశారో కాగితం మీద రాసి ట్రేకి అంటించండి. కారం సగానికి తగ్గించండి.

మేలో వచ్చే బ్యాండ్ కచేరీలు, ఆర్ట్ షోల గురించి కూడా అడిగారు. ఆర్ట్ షో అరగంట పని, వీలున్నప్పుడు తిరిగి చూసి రావచ్చు. కచేరీలో మాత్రం మన పిల్లల బృందం వాయించగానే లేచి రాకండి, తర్వాతి పిల్లలకి ఖాళీ కుర్చీలు మిగులుతాయి. ఒకే కృతిలో భాగాల మధ్య చప్పట్లు కొట్టరు. వాయించేది ఆపి కండక్టర్ చెయ్యి పూర్తిగా కిందకి దించాక కొట్టండి. అన్నిటికీ వెళ్ళలేరు, వెళ్ళక్కర్లేదు కూడా. ఒక్కో బిడ్డకి ఈ సీజన్‌లో రెండేసి ఎంచుకుని, అవేవో ముందే చెప్పి, వాటికి మాత్రం టైముకి వెళ్ళండి.

శనివారం రాత్రి సంగతి ఒకటి మిగిలింది. ఆఖరి షో అయ్యాక పిల్లలందరూ కలిసి సెట్టు విప్పుతారు. మేకులు పీకి, చెక్కలు పేర్చి, స్టేజ్ ఊడ్చి వచ్చేసరికి పదకొండో పన్నెండో అవుతుంది. పొద్దున్నుంచి అక్కడే ఉన్న పిల్ల. మీ రాష్ట్రంలో లిమిటెడ్ లైసెన్స్ (కొత్తగా నడిపే పిల్లలకి షరతులతో ఇచ్చేది) ఉన్న పిల్లలు రాత్రి తొమ్మిది దాటాక ఒంటరిగా కారు నడపకూడదు, కాబట్టి ఎవరో ఒకరు వెళ్ళాలి. మీ వారిని పంపండి. పదకొండింటికి వెనక గుమ్మం దగ్గర, సామాన్ల తలుపు పక్కన కారు ఆపి దిగి, లోపలికి తొంగిచూడమనండి. అప్పటికి దీపాలన్నీ వెలిగి ఉంటాయి. నేల మీద ఆ రంగు టేపు ముక్కలు ఇంకా పీకకపోతే, ఏది ఏ సీనుదో చూపించమని అడగమనండి.